ఉత్తర తీరాన ఒక పగలు

మోత్కూరులో ఉండేవారికి సముద్రం ఎంత దూరం? ఎటు కొలిచినా రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. అయినా మోత్కూరులో కురిసిన వాన సముద్రాన్ని మరిచిపోదు. ఊరి పక్క బిక్కేరు వాగులో పడి మూసీని కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ బంగాళాఖాతంలో కలుస్తుంది. నీటికి దారి తెలుసు. మనుషులకే తీరిక దొరకదు.

ఆ ఊరినుంచి ఇద్దరు దంపతులు సముద్రం చూడటానికి బయలుదేరారనుకోండి. ఇద్దరూ బడిపంతుళ్ళే. సారు భౌతికశాస్త్రం చెబుతారు, టీచరమ్మ జీవశాస్త్రం చెబుతుంది. సెలవు ఒక్కరోజే. విశాఖపట్నం అందరూ చూసేదే గదా అని వాళ్ళు ఇంకా పైకి, శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసకు వెళ్ళాలనుకున్నారు. నెల ఫిబ్రవరి. సికింద్రాబాదులో సాయంత్రం రైలెక్కితే మర్నాడు తెల్లవారకముందే పలాస స్టేషనులో దిగవచ్చు. మనమూ వారి వెంట వెడదాం. ఆ తీరాన్ని ఎంచుకోవడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది. అక్కడి నీళ్ళకూ నల్లగొండ నీళ్ళకూ ఒక చుట్టరికం ఉంది. దాని సంగతి దారిలో వస్తుంది.

పలాసనుంచి ఆటో మాట్లాడుకుని బారువ చేరేసరికి తూర్పు ఎర్రబడింది. సూర్యబింబం నీటిలోంచి పైకి లేచింది. సారు గడియారం చూశారు. ఆరూ ఇరవై. మోత్కూరులో ఆ రోజుల్లో ఆరూ నలభై అయితేగాని పొద్దు పొడవదు. గడియారాలు రెండు ఊళ్ళలోనూ ఒకటే సమయం చూపుతాయి. మరి ఈ ఇరవై నిమిషాల తేడా ఎక్కడినుంచి వచ్చింది?

అట్లాసు తెరిచి చూడండి. మోత్కూరు సుమారు 79¼ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. బారువ సుమారు 84½ డిగ్రీల మీద ఉంది. మధ్య తేడా 5 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది గనుక ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అయిదింటిని నాలుగుతో హెచ్చవేయండి. లెక్క సరిపోయిందా? మన దేశపు ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82½ డిగ్రీల రేఖ ఈ రెండు ఊళ్ళ నడుమనుంచే పోతుంది. అందుకని బారువ సూర్యుడు గడియారం కంటె ముందు నడుస్తాడు, మోత్కూరు సూర్యుడు వెనక నడుస్తాడు.

"ఇసుక చూసిండ్రా? మన బిక్కేరు ఇసుక లెక్క లేదు. నల్లగున్నది," అంది టీచరమ్మ.

నిజమే. తడి ఇసుకమీద అలలు వెనక్కి జారిన చోట నల్లని చారలు, అక్కడక్కడ గులాబిరంగు చారలు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు దీన్ని మురికి అనుకుంటారు. ఇది మురికి కాదు, ఖనిజం. నల్లది ఎక్కువగా ఇల్మనైటు. గులాబిరంగుది గార్నెట్. వీటితోపాటు సిల్లిమనైటు, జిర్కాను, కొద్దిగా మోనజైటు కూడా ఉంటాయి. ఇల్మనైటునుంచి టైటానియం తీస్తారు. తెల్లరంగు పెయింటులో తెలుపు దానివల్ల వచ్చేదే. మోనజైటులో థోరియం ఉంటుంది. దానితో అణుశక్తి తయారు చేయాలని మన శాస్త్రజ్ఞులు చాలాకాలంగా కృషి చేస్తున్నారు.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి? బారువలో నిలబడి వాయవ్యంగా చూస్తే దూరాన నీలంగా కొండలు కనిపిస్తాయి. అవి తూర్పు కనుమలు. వాటిలో మహేంద్రగిరి ఒడిశాలో ఉంది. ఎత్తు సుమారు 1500 మీటర్లు. అక్కడ పుట్టిన మహేంద్రతనయ నది బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. తనయ అంటే కూతురు. కొండకు కూతురని నదికి ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి. ఈ కనుమల్లో విరివిగా దొరికే ఒక శిలకు ఖొండలైటు అని పేరు. అక్కడి కొండవాసులైన ఖోండుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. ఆ రాతిలోనే గార్నెట్, సిల్లిమనైటు ఉంటాయి. ఎండకూ వానకూ రాయి పగిలి, నుసి అయి, నదుల్లో పడి సముద్రానికి చేరుతుంది.

ఆ తరువాతి పని అలలది. మామూలు ఇసుక క్వార్ట్జు. అది నీటికంటె 2.65 రెట్లు బరువు. గార్నెట్ దాదాపు 4 రెట్లు, ఇల్మనైటు 4½ రెట్లకు పైగా బరువు. అల ఒడ్డుకు వచ్చేటప్పుడు అన్నిటినీ మోసుకొస్తుంది. వెనక్కి పోయేటప్పుడు దానికి అంత బలం ఉండదు. తేలికదాన్ని తీసుకుపోయి బరువుదాన్ని వదిలేస్తుంది. చేటతో బియ్యం చెరిగినప్పుడు ఊక ఎగిరి గింజ నిలిచినట్టే. వేల ఏళ్ళుగా సముద్రం ఈ ఒడ్డున చెరుగుతూనే ఉంది.

దీన్ని మీరు ఇంటి దగ్గరే చూడవచ్చు. వాన వెలిశాక రోడ్డు పక్కన నీరు పారినచోట సన్నని నల్లచార ఏర్పడుతుంది. అయస్కాంతాన్ని పలచని కాగితంలో చుట్టి దానిమీద తిప్పండి. కాగితానికి నల్లరేణువులు మీసాల్లా అంటుకుంటాయి. అది మాగ్నటైటు. మీ ఊరి గుట్టల్లోని గ్రానైటు రాతినుంచి వచ్చినదే. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇల్మనైటు మాత్రం మామూలు అయస్కాంతానికి అంతగా లొంగదు, చాలా బలమైనది కావాలి.

ఒడ్డున కొంతదూరం నడిచాక ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక జాడ నీటిలోంచి పైకి వచ్చి, ఒకచోట ఇసుకను చెదరగొట్టి, తిరిగి నీటిలోకి పోయింది. సారు నిజంగానే ట్రాక్టరనుకున్నారు. టీచరమ్మ నవ్వింది. అది రాత్రి వచ్చి వెళ్ళిన ఆలివ్ రిడ్లే తాబేలు జాడ.

ఈ తాబేలు జీవితమంతా సముద్రంలోనే గడుపుతుంది. గుడ్లు పెట్టడానికి మాత్రం ఆడతాబేలు ఒడ్డుకు వస్తుంది. జనవరినుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో అది జరుగుతుంది. రాత్రిపూట వచ్చి, వెనక తెడ్లతో మోచేతి లోతున కూజా ఆకారంలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దానిమీద ఒంటితో దిమ్మిస కొట్టినట్టు కొట్టి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి తిరిగి చూడదు. ఆ సమయంలో దాని కళ్ళనుంచి నీరు కారుతుంది. తల్లి ఏడుస్తోందని కొందరు చెబుతారు. అది ఏడుపు కాదు. సముద్రజీవి గనుక ఒంట్లో చేరిన అధికమైన ఉప్పును కళ్ళ దగ్గరి గ్రంథులద్వారా బయటికి పంపుతుంది. నీటిలో ఉన్నప్పుడూ పంపుతూనే ఉంటుంది, మనకు కనిపించదు, అంతే.

పిల్ల ఆడదా మగదా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఇసుక వేడి నిర్ణయిస్తుంది! ఇసుక 30 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎక్కువగా ఆడపిల్లలు, బాగా తగ్గితే ఎక్కువగా మగపిల్లలు పుడతాయి. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో శాస్త్రజ్ఞులకు ఇది చిన్న విషయం కాదు. యాభై రోజుల ప్రాంతంలో పొదిగి, రాత్రివేళ పైకి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపు పరుగెడతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రంమీది ఆకాశానిది. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగితే అవి దారితప్పి రోడ్డుమీదికి పోతాయి. ఈ మారుమూల తీరానికి దీపాలు తక్కువ కావడం మనకు లోటుగా తోచవచ్చు గాని తాబేళ్ళకు అదే వరం. ఇక్కడినుంచి ఒడ్డువెంటే ఉత్తరంగా పోతే ఒడిశాలోని ఋషికుల్య నదీముఖం వస్తుంది. అక్కడ కొన్ని సంవత్సరాల్లో లక్షల తాబేళ్ళు ఒకేసారి గుడ్లకు వస్తాయి.

అదే ఒడ్డున చచ్చిన తాబేలు కూడా ఒకటి కనిపించింది. తాబేలుకు ఊపిరితిత్తులున్నాయి. పైకి వచ్చి గాలి పీల్చాలి. పెద్ద మరపడవలు లాగే వలలో గంటలతరబడి చిక్కుకుంటే అది నీటిలో మునిగి చనిపోతుంది. వలకు మధ్యలో ఒక కమ్మీల చట్రం, దానిపైన తలుపులాంటి సందు పెడితే చేపలు, రొయ్యలు లోపల ఉండి తాబేలు బయటికి పోతుంది. ఆ సాధనం ఎప్పుడో కనిపెట్టారు. అమర్చుకుంటే కొన్ని చేపలు కూడా జారిపోతాయని జాలరులకు భయం. ఆ భయమూ కాదనదగింది కాదు.

పొద్దెక్కాక దంపతులు ఊళ్ళలోకి వచ్చారు. ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది వ్యాపించి ఉంది. ఇసుకనేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస, మధ్య మధ్య మునగ. మోత్కూరు మెట్టచేలు చూసిన కళ్ళకు ఇది వేరే దేశంలా ఉంటుంది.

కాని తోటల్లో చెట్లన్నీ దాదాపు ఒకే ఈడువి. ఎందుకో గమనించారా? ఒక రైతు చెప్పాడు: "తిత్లీ కొట్టీసింది బాబూ. మా తాత పెట్టిన సెట్లు ఒక్క రాత్రిలో పోనాయి."

తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరును పాకిస్తాన్ సూచించింది. ఈ సముద్రాల్లో పుట్టే తుపానులకు చుట్టుపక్కల దేశాలు వంతులవారీగా పేర్లు ఇస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు సమీపాన తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉత్తరార్ధగోళంలో తుపానుగాలి గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో తిరుగుతుంది. తుపాను మన తూర్పుతీరానికి వచ్చినప్పుడు దాని కేంద్రానికి ఉత్తరాన ఉన్నవారికి గాలి సముద్రంమీదినుంచి సూటిగా తగులుతుంది, దక్షిణాన ఉన్నవారికి నేలమీదినుంచి వీస్తుంది. ఉత్తరపువైపు గాలికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది. ఉద్దానం కేంద్రానికి మరీ దగ్గర. ఇసుకలో కొబ్బరి వేళ్ళు లోతుకు పోవు, పక్కలకు పరుచుకుంటాయి. జీడిమామిడికి కొమ్మల గొడుగు పెద్దది, గాలి పట్టుకోవడానికి అనువైనది. లక్షల చెట్లు పడిపోయాయి.

ముందే హెచ్చరిక అందినందున మనుషుల ప్రాణనష్టం ఆంధ్రలో కొద్దిలోనే ఆగింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది పోయారు. ఈ నలభై ఏళ్ళలో ఉపగ్రహాలు, రాడార్లు సాధించిన మార్పు అది. కాని చెట్టును ఇంట్లోకి తీసుకుపోలేం గదా. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. జీడిమామిడికి మూడు నాలుగేళ్ళు చాలు గాని మంచి దిగుబడికి ఇంకా ఆగాలి. ఇప్పుడు మన దంపతులు చూస్తున్నవి తిత్లీ తరువాత నాటిన తోటలే.

జీడిమామిడి పూతమీద ఉంది. దానిని గురించి ఒకమాట. ఈ చెట్టు బ్రెజిల్‌నుంచి పోర్చుగీసువారివెంట పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. తెలుగులో జీడి అన్న మాట మాత్రం అంతకు ముందునుంచే ఉంది. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి మనదే. కొత్తచెట్టు పిక్కలోనూ అలాంటి మండే రసమే ఉందని, పండు, ఆకు మామిడిని తలపించాయని మనవాళ్ళు దానికి జీడిమామిడి అని పేరు పెట్టారు. చూడండి, వృక్షశాస్త్రజ్ఞులు కూడా నల్లజీడిని, మామిడిని, జీడిమామిడిని ఒకే కుటుంబంలో చేర్చారు! పలాసలో పిక్కలను వేయించి లేదా ఆవిరిపట్టి, పగలగొట్టి, పప్పు తీసే కార్ఖానాలు చాలా ఉన్నాయి. పెంకులోని రసం చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ఈ పనిచేసే ఆడవాళ్ళు చేతులకు నూనె, బూడిద రాసుకునేవారు. చేతొడుగులు దొరుకుతున్నా వేసుకుంటే పని వేగం తగ్గుతుందని కొందరు వాటిని తీసేస్తారు.

పిక్క ఆకారం చూశారా? మూత్రపిండంలా వంగి ఉంటుంది. ఉద్దానం వచ్చి మూత్రపిండం మాట ఎత్తకుండా వెళ్ళడం సాధ్యం కాదు.

దంపతులు ఒక ఇంటి అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. ఇంటామె చెంబుతో నీళ్ళిచ్చింది. "కుళాయి నీళ్ళేనమ్మా, తాగండి. బోరు నీళ్ళు కాదు," అంది. అడగకుండానే చెప్పింది. పాత నల్లగొండ జిల్లానుంచి వచ్చిన ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ చిన్నప్పుడు కూడా నీళ్ళిచ్చేవారు ఇలాగే ఏ బావివో చెప్పి ఇచ్చేవారు.

1990ల తరువాతి కాలంనుంచి ఉద్దానం ఊళ్ళలో మూత్రపిండాల జబ్బు అసాధారణంగా ఎక్కువగా ఉన్నట్టు డాక్టర్లు గుర్తిస్తూ వచ్చారు. మామూలుగా ఈ జబ్బు చక్కెరవ్యాధి, రక్తపోటు ముదిరినవారికి వస్తుంది. ఇక్కడ ఆ రెండూ లేనివారికీ వస్తోంది. పొలాల్లో, తోటల్లో కష్టం చేసుకునేవారిలో ఎక్కువ. మీ ఒక్కొక్క మూత్రపిండంలో దాదాపు పదిలక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. వాటికి నెఫ్రాన్లని పేరు. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రం బయటికి పంపి, మిగిలినదంతా తిరిగి రక్తానికి ఇస్తాయి. ఇన్ని జల్లెడలు ఉండటం వల్ల సగానికి పైగా పాడైనా మనిషికి తెలియదు. నొప్పి ఉండదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందో పరీక్షిస్తేనే ముందుగా పట్టుబడుతుంది.

కారణం ఏమిటి? ఇంకా తేలలేదు. నీటిలోని సిలికాను అనుమానించారు, భారలోహాలను అనుమానించారు. పురుగుమందులు, నొప్పి మాత్రలు అతిగా వాడటం, ఎండలో నీళ్ళు తాగకుండా గంటలకొద్దీ పనిచేయడం, వంశపారంపర్యం, అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఏదీ ఒంటరిగా నేరస్థుడని రుజువు కాలేదు. రెండు మూడు కలిసి చేస్తున్న పని కావచ్చునని చాలామంది భావిస్తారు. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతపు వరి రైతుల్లో, మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకుతోటల కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు.

ఇక నల్లగొండ సంగతి చూడండి. అక్కడి దోషి దొరికాడు. అతడు ఫ్లోరైడు. గ్రానైటు రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. బోరునీరు లోతున ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించితే పళ్ళు గారపట్టడం, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోవడం జరుగుతుంది. దోషి తెలిసింది గనుక మందు వెతకడం సాధ్యమైంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా కలియబెట్టి, తేర్చి, వడగట్టే ఒక పద్ధతి రూపొందించారు. పటికనుంచి ఏర్పడే మేఘంలాంటి పదార్థం ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు దిగుతుంది. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు నల్లగొండ పద్ధతి. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా దీన్ని ప్రయత్నించారు. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఇలా ఎక్కడం గర్వపడవలసిన సంగతో కాదో నాకు ఎప్పుడూ తేలదు.

ఉద్దానంలో కారణం తెలియకపోయినా చేయగలిగింది చేయాలి గదా. హిరమండలం జలాశయంనుంచి వంశధార నీటిని పైపుల్లో ఈ ఏడు మండలాలకు తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆస్పత్రిని, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. నల్లగొండలో కృష్ణా నీరు వచ్చి బోరునీటిని ఎలా తప్పించిందో ఇక్కడా అలాగే. అయితే ఒక తేడా ఉంది. నల్లగొండలో నీరు మారితే జబ్బు ఆగుతుందని ముందే తెలుసు. ఉద్దానంలో నీరు మార్చి కొన్నేళ్ళు చూడాలి. కొత్తగా జబ్బు పడేవారు తగ్గితే తప్పు నీటిలో ఉన్నట్టు. తగ్గకపోతే వెతుకులాట మరోవైపు తిరగాలి. వైద్యశాస్త్రంలో ఇది కూడా ఒక ప్రయోగమే, కాని గాజుకుప్పెలో చేసేది కాదు.

ఈ ఇసుకనేలలో బావినీరు తియ్యగా ఎలా ఉంటుందని సారుకు సందేహం వచ్చింది. సముద్రం కూతవేటు దూరంలో ఉంది గదా! వాననీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటిమీద తెప్పలా తేలుతుంది. మంచినీటి సాంద్రత 1 అయితే సముద్రపు నీటిది 1.025. ఆ కొద్ది తేడావల్ల, మంచినీటి మట్టం సముద్రమట్టంకంటె ఒక మీటరు ఎత్తున ఉంటే, దాని అడుగు సముద్రమట్టానికి సుమారు 40 మీటర్ల లోతుదాకా ఉంటుంది. వినడానికి బాగుంది. దీన్నే తిరగేసి చూడండి. మోటార్లు పెట్టి పైమట్టాన్ని ఒక్క మీటరు తగ్గిస్తే, కిందినుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుందన్నమాట. తీరపు ఊళ్ళలో బోర్లు వేసేవారు గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఇది.

మధ్యాహ్నం ఎండలో దక్షిణంగా బయలుదేరారు. ఈ తీరంలో ఇసుకదిబ్బల వెనక పల్లపునేలలు ఉంటాయి. వీటిని బీలలు అంటారు. వాననీరు నిలిచి జమ్ము, తుంగ పెరుగుతాయి, చేపలు ఉంటాయి, పశువులు మేస్తాయి. చూడటానికి వృథానేలలా కనిపిస్తాయి గాని చుట్టుపక్కల బావులకు నీరిచ్చేవి ఇవే. సోంపేట బీలలో, తరువాత కాకరాపల్లి తంపరలో బొగ్గు విద్యుత్కేంద్రాలు పెట్టబోతే ఊళ్ళవాళ్ళు ఎదురుతిరిగారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ఒక్కొక్క చోట ఇద్దరేసి చనిపోయారు. సోంపేట కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి కాల్పులు జరిగిన రోజే రద్దయింది. నీటిగుంట కోసం మనుషులు ప్రాణాలు పెట్టారంటే ఆ గుంట ఏం చేస్తుందో మీ భూగోళం మాస్టారిని అడిగి తెలుసుకోండి.

నౌపడా దగ్గర రైలుకట్టకు దాపున ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు కలిగి ఉంటుంది. దాన్ని ఒక మడినుంచి ఇంకొక మడికి మళ్ళిస్తూ ఎండబెడతారు. ఒకేచోట ఎండబెట్టవచ్చు గదా? అలాచేస్తే చేదు ఉప్పు వస్తుంది. నీరు చిక్కబడేకొద్దీ మొదట సున్నపురాయి లాంటి పదార్థం, తరువాత జిప్సం అడుక్కు దిగుతాయి. అవి దిగిన మడిని వదిలి నీటిని తరువాతి మడికి పంపితే అక్కడ మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. చివరకు మిగిలే చేదునీటిలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, దాన్ని పారబోస్తారు. ఉప్పు రైతు పళ్ళెంలో రసాయనశాస్త్రం తెలియకుండానే చేసే పాక్షిక స్ఫటికీకరణం ఇది.

సాయంత్రానికి తేలినీలాపురం. టెక్కలి మండలంలోని చిన్న ఊరు. చింతచెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, మార్చి ఏప్రిల్ నెలల్లో వెళ్ళిపోతాయి. నౌపడా చిత్తడినేలల్లో చేపలు పట్టి, మింగి వచ్చి, కక్కి పిల్లలకు పెడతాయి.

"ఇవి సైబీరియానుంచి వచ్చినై," అన్నాడొక పెద్దమనిషి. ఏటా పత్రికల్లోనూ అదే రాస్తారు. టీచరమ్మ ఊరుకోలేదు. నిజమే, సైబీరియానుంచి మన దేశానికి చలికాలంలో చాలా పక్షులు వస్తాయి. అవి ఇక్కడ తిండి తిని ఎండాకాలం రాగానే తిరిగిపోయి తమ దేశంలో గూళ్ళు కడతాయి. గూడు కట్టి పిల్లలను లేపిన చోటే పక్షికి పుట్టిల్లు. తేలినీలాపురంలో గూళ్ళున్నాయి, పిల్లలున్నాయి. కాబట్టి ఇవి మన దక్షిణాసియా పక్షులే. నీరు, చేపలు దొరికే చోట్లను బట్టి దేశంలోనే అటూ ఇటూ తిరుగుతాయి. గూడబాతుల్లో ఈ రకం సైబీరియాలో ఉండనే ఉండదు.

ఊళ్ళోవాళ్ళు వీటిని ఆడపడుచుల్లా చూస్తారు. రెట్టల వాసన భరిస్తారు. రాళ్ళు వేయరు. అందుకే అవి అడవి వదిలి ఊరి నడుమ గూళ్ళు పెట్టాయి. పాములు, పిల్లులు, గద్దలు మనుషుల అలికిడికి దూరంగా ఉంటాయి గదా. కాని కాపలా అన్నిటినీ ఆపలేదు. 2021 చివర, 2022 మొదట్లో ఇక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. కడుపులో పరాన్నజీవి పురుగులు ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. తిన్న చేపలతో వచ్చాయని అనుమానించారు. పక్షి ఆరోగ్యం చెరువు ఆరోగ్యాన్ని బట్టి ఉంటుందన్నమాట.

ఇక్కడికి దగ్గరలోనే మూలపేట వద్ద కొత్త ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే పనులు వస్తాయి, ఈ ప్రాంతపు యువకులు వలసపోయే అవసరం తగ్గవచ్చు. దానితోపాటు ఒక సంగతి గమనించాలి. మన తూర్పుతీరంలో నైరుతి ఋతుపవనాల అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణంనుంచి ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖపట్నంలో రేవుగోడల తరువాత ఇదే జరిగి, తవ్వితీసిన ఇసుకను తెచ్చి బీచిలో పోయవలసి వస్తోంది. గోడకు ఉత్తరాన ఉండే ఒడ్డునే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఇసుకను గోడకు ఇటునుంచి అటు పంపులతో దాటించే ఏర్పాటు రేవుతోపాటే చేసుకోవచ్చు, తరువాత చేయడం ఖర్చెక్కువ.

చీకటి పడేవేళకు గూడబాతులు వరుసలు కట్టి చెట్లకు తిరిగివచ్చాయి. దంపతులు నౌపడా స్టేషనుకు చేరుకున్నారు. గుణుపురానికి ఒకప్పుడు చిన్నరైలు బయలుదేరిన స్టేషను ఇదే. పర్లాకిమిడి రాజుగారు వేయించిన సన్నమార్గాన్ని ఇప్పుడు పెద్దమార్గంగా మార్చారు. సారు సంచిలో ఒక సీసా ఉంది. అందులో బారువ ఇసుక. టీచరమ్మ సంచిలో ఇంకొక సీసా. అది ఆ ఇంటి అరుగు పక్కనున్న పాత బావినీరు, బడిలో ఫ్లోరైడు పరీక్ష పెట్టెతో చూడటానికి. మోత్కూరు బోరునీటి పక్కన పెట్టి, రంగులు పోల్చి, పిల్లలచేత రాయించాలని ఆమె ఆలోచన.